తీర్పును చదివి తీర్పు తీర్చుడి



ఒకని మాట వినక మునుపే వానిని నేరస్థునిగా ఎంచరాదని నీకొదేము పెద్దల సభలో జ్ఞాపకము చేసెను. ఒకే లింగమునకు చెందిన ఇద్దరి వివాహమును గూర్చి 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు విషయములో మనము ఆ జాగ్రత్త వహించితిమా?

ఇట్టి పెండ్లిండ్లు మన పాదిరులచేత బలవంతముగా జరిపించుదురేమోయని తెనాలి, బాపట్ల, రేపల్లె సంఘములలో ఎవరైన భయపడినయెడల, ఆ భయమునకు ఆధారము లేదు. హైదరాబాదులో నివసించుచుండిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అను ఇద్దరు 2022లో కోర్టుకెక్కిరి. వారు ప్రశ్నించినది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమును. అనగా సర్కారు అధికారి యెదుట జరుగు పెండ్లిని. దేవాలయములో జరుగు మన వివాహములకు 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము వేరుగ నున్నది. మతముల వివాహ చట్టముల జోలికి పోమని కోర్టు విచారణారంభమందే చెప్పెను.

వివాహము రాజ్యాంగమిచ్చిన ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు న్యాయమూర్తులును ఏకముగా పలికిరి. చట్టమును తిరిగి వ్రాయుట పార్లమెంటు పని యనిరి. ఇది త్రోసివేయదగిన మాట కాదు. అయితే అట్టి జంట సహజీవనమునకు చట్టములో గుర్తింపు నియ్యవలెనా యను ప్రశ్నయొద్ద వారు విడిపోయిరి. చంద్రచూడ్, కౌల్ గారలు ఇయ్యవలెననిరి. రవీంద్ర భట్, హిమా కోహ్లీ, తెలుగువారైన నరసింహ గారలు కూడదనిరి. ముగ్గురి మాటయే నిలిచెను. పునర్విచారణ కోరిన పిటిషనులును 2025 జనవరిలో కొట్టివేయబడెను.

మా విమర్శ యిది. పింఛను, ప్రావిడెంటు ఫండు వంటివి అందక ఇట్టి జంటలు నష్టపడుచున్నారని భట్ గారే ఒప్పుకొనిరి. ఒప్పుకొనియు, పరిష్కారమును సర్కారు నియమించు కమిటీకి విడిచిరి. రోగమును సరిగా గుర్తించి, మందు వ్రాయక పంపివేసిన వైద్యుని ఏమందుము? 2024లో కేంద్ర ప్రభుత్వము రేషను కార్డు, ఉమ్మడి బ్యాంకు ఖాతా, దగ్గరి బంధువులు లేనపుడు మృతదేహము నప్పగించుట మొదలగువానిపై సూచనలు పంపెను. మంచిదే. కాని సూచన చట్టము కాదు. బంధువులు అడ్డుపడిననాడు ఆస్పత్రి వాకిట నిలిచిన తోడు ఏ కాగితము చూపగలడు?

మన రాష్ట్ర హైకోర్టు 2024 డిసెంబరులో ఇంకను సూటిగా పలికెను. కలిసి బ్రదుకగోరిన ఇద్దరు యువతులలో ఒకరిని తండ్రి నిర్బంధించెనని వ్యాజ్యము రాగా, ఈడు వచ్చిన ఆమెకు తనకిష్టమైనవారితో నుండు స్వేచ్ఛ గలదనియు, ఇంటివారు అడ్డుపడరాదనియు చెప్పెను.

చదువరీ, ఇట్టి వివాహము వాక్యానుసారమా కాదా యను చర్చ సంఘములో జరుగవచ్చును. కాని గది తాళము ఆ చర్చకు జవాబు కాదు. రేపు నీ కుమారుడో కుమార్తెయో వణకుచు నీతో ఈ మాట చెప్పినయెడల ఏమి చేయుదువు? కూర్చుండి వినుము. వినుట ఒప్పుకొనుట కాదు. ఆ బిడ్డను వీధిలోనికి త్రోయకుము, రోగములో విడువకుము, మరణ దినమున, దాని తోడుగ బ్రదికిన మనుష్యుని సమాధియొద్దనుండి తరిమివేయకుము. ఇంతమాత్రము చేయుటకు ఏ కోర్టు ఉత్తరువును మనము ఎదురుచూడ నక్కరలేదు.