ఖాళీ ఆసనం చెక్కిన చేతులు

లండన్ బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి బౌద్ధ స్తూపపు శిల్పాల్లో ఒక పలకకు రెండు ముఖాలున్నాయి. పల్నాటి సున్నపురాయి పలక అది. ఎత్తు నాలుగడుగుల పైచిలుకు, వెడల్పు మూడడుగుల లోపు, మందం అయిదంగుళాలకు మించదు. ఒక వైపు చెక్కడం క్రీ.పూ. 1వ శతాబ్దం నాటిది. రెండో వైపుది క్రీ.శ. 3వ శతాబ్దం నాటిది. దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత ఎవరో ఆ రాతిని తిప్పి, వీపు మీద కొత్త బొమ్మ చెక్కారు. ఒక ఊరి వాళ్లు తాము కొలిచేవాణ్ని ఎలా ఊహించుకున్నారో, ఆ ఊహ ఎటు కదిలిందో ఒకే రాతిలో చదువుకోవచ్చు. ఇలాంటి అవకాశం మరో చోట దొరకడం కష్టం.

ముందు పాత ముఖం చూద్దాం. మధ్యలో రావిచెట్టు, దాని కింద ఆసనం, ఆసనం ముందు రెండు పాదాల ముద్రలు. చుట్టూ చేతులు జోడించిన భక్తులు. ఆసనం మీద మాత్రం ఎవరూ లేరు. చెక్కడం లోతు తక్కువే. మనుషులు రాతిని అంటిపెట్టుకుని ఉన్నట్టుంటారు. తలపాగాలు బరువైనవి, నిలబడ్డ తీరులో కాస్త బిగువుంది. కానీ శిల్పి శ్రద్ధ ఎక్కడ పెట్టాడో గమనించండి. రావాకు మొనదేలిన కొస దగ్గర ఉలి తొందరపడలేదు. ఆసనాన్ని ఏదో గుర్తులా గీసి వదిలేయలేదు, నిజంగా ఒకరు కూర్చునే పీటలాగే మలిచాడు. చూపులూ జోడించిన చేతులూ అన్నీ ఆ ఖాళీ వైపే ఉన్నాయి. ఖాళీ చోటు బొమ్మకు కేంద్రం కావాలంటే చుట్టూ ఉన్నదంతా దాన్ని మోయాలి. ఇక్కడ మోస్తోంది.

చేతకాక వదిలేశాడేమో అనుకోవడానికి వీల్లేదు. ఏనుగులనూ గుర్రాలనూ, రాజసభలనూ, నడుము వంచి నిలబడ్డ స్త్రీలనూ అలవోకగా చెక్కిన శిల్పుల ఊరది. దేవతలను కూడా చెక్కారు. నా దృష్టిలో అసలు కిటుకు అక్కడే ఉంది.

అదే మ్యూజియంలో ఇంకో అమరావతి పలక ఉంది, బుద్ధుడి జననానిది. నాలుగు ఘట్టాలు: మాయాదేవి కల, శుద్ధోదనుడి కొలువులో ఆ కలకు అర్థం చెప్పడం, చెట్టు కొమ్మ పట్టుకుని నిలబడి ఆమె ప్రసవించడం, బిడ్డను శాక్యుల కులదైవమైన యక్షుడి దగ్గరికి తీసుకెళ్లడం. ప్రసవ ఘట్టంలో దేవతలు వరుసగా నిలబడి పొడవాటి వస్త్రాన్ని పట్టుకున్నారు. బిడ్డ అందులో ఉండాలి, లేడు. వస్త్రం మీద చిన్న చిన్న పాదాల గుర్తులున్నాయి, అంతే. యక్షుడి ముందుకు తెచ్చినప్పుడూ అంతే, గుడ్డ మీద పాదాలే. ఆ పాదాలకు యక్షుడు వంగి దండం పెడుతున్నాడు. యక్షుడికి ఒళ్లుంది, నగలున్నాయి, వంగిన వీపుంది. దేవతలకు కిరీటాలున్నాయి, చేతులున్నాయి. వాళ్లు మొక్కుతున్న వాడికే ఏమీ లేదు.

బౌద్ధం దేవతలను కాదనలేదు, వాళ్ల స్థానం మార్చింది. ఇంద్రుడూ బ్రహ్మా ఉన్నారు, కానీ వాళ్లూ పుణ్యం తరిగితే జారిపోయేవాళ్లే, పుట్టుక చావుల చక్రంలో ఉన్నవాళ్లే. ఆ చక్రం దాటినవాడు వాళ్లకంటే పైవాడు. అయితే అతను దేవుడు కాడు, సృష్టికర్త అసలే కాడు. ఈ ముడిని గ్రంథాలు పేజీల కొద్దీ విప్పుతాయి. అమరావతి శిల్పి ఒక గుడ్డా రెండు పాదాలతో తేల్చేశాడు. రూపమున్న వాళ్లంతా ఇంకా చక్రంలోనే ఉన్నారని బొమ్మ చెబుతుంది. సిద్ధాంతం తెలియకుండానే చూసేవాడికి అది అర్థమవుతుంది.

పండితుల్లో దీనిమీద తగవు ఉంది. తొలి బౌద్ధులు బుద్ధుణ్ని మనిషి రూపంలో చూపలేదని, గుర్తులతో సరిపెట్టారని ఫ్రెంచి పండితుడు ఆల్ఫ్రెడ్ ఫూషే చెప్పాడు. చాలాకాలం చాలామంది ఒప్పుకున్నారు. 1990లో అమెరికా పండితురాలు సూసన్ హంటింగ్టన్ అభ్యంతరం చెప్పారు: ఇవి బుద్ధుడికి బదులుగా పెట్టిన గుర్తులు కావు, భక్తులు బోధివృక్షాన్నీ పవిత్ర స్థలాలనూ కొలిచిన దృశ్యాలే కావచ్చు అని. రావిచెట్టు పలకకు ఆ మాట బాగానే అతుకుతుంది. బిడ్డ పాదాల గుడ్డకు మాత్రం అతకదు. అక్కడ జరుగుతున్నది యాత్ర కాదు, పురుడు. అక్కడ నేను ఫూషే పక్షమే.

ఖాళీ ఆసనం బౌద్ధుల సొత్తేమీ కాదు. ఇటలీలోని రావెన్నాలో ఏరియన్ శాఖ క్రైస్తవులు క్రీ.శ. 500 ప్రాంతంలో కట్టుకున్న బాప్తిస్మ మందిరం ఉంది. దాని గుమ్మటం లోపల రంగురాళ్ల మొజాయిక్‌లో ఒక సింహాసనం, ఊదారంగు దిండు, దానిమీద రత్నాల శిలువ కనిపిస్తాయి. అపొస్తలులు దానివైపు నడుస్తున్నారు. పైన నడినెత్తిన మాత్రం క్రీస్తు నిండు దేహంతో నదిలో నిలబడి బాప్తిస్మం తీసుకుంటున్నాడు. పనితనం అక్కడా గొప్పదే, కానీ అర్థం తలకిందులు. రావెన్నా సింహాసనం మళ్లీ రాబోయేవాడి కోసం సిద్ధం చేసింది. అమరావతి ఆసనం లేచి వెళ్లినవాడిది, తిరిగి రానివాడిది. మన దగ్గర ముఖం లేని దైవం కొత్త కాదని ఎవరైనా అనవచ్చు. అమరావతి స్తూపానికి దగ్గర్లోనే పంచారామాల్లో ఒకటైన అమరేశ్వరాలయంలో ఉన్నది లింగమే. పీర్ల పండక్కి లేచే పీర్లలో కళ్లూ ముక్కూ వెతకం. కానీ లింగం ఖాళీ కాదు, అక్కడ శివుడున్నాడు. ఈ తేడాను కలిపేసి అన్నీ ఒకటే అనేయడం తేలిక. అలా అంటే ఏ శిల్పి పనీ కనిపించదు.

ఇప్పుడు మొదటి పలకను తిప్పుదాం. 3వ శతాబ్దపు ముఖం మీద స్తూపం ఉంది, మొత్తం స్తూపం. అమరావతి మహాచైత్యం, అంటే అక్కడి పెద్ద స్తూపం, ఎలా ఉండేదో మనకు ఇలాంటి పలకలే చెబుతున్నాయి. అసలుది వ్యాసం సుమారు 160 అడుగుల ఇటుకల గుట్ట, దానికి రాతి పలకల తొడుగు. ఇక్కడ దాన్ని ఒక పలక వెడల్పులోకి కుదించారు. ద్వారం పక్కన స్తంభాల మీద సింహాలు, ఎదురుగా వేదిక మీద నిలిపిన అయిదు ఆయక స్తంభాలు, అండం అనే గుమ్మటం చుట్టూ ఎగిరే దేవతలు. చోటు వదలడం ఈ కాలం వాళ్లకు ఇష్టం లేదు. ఉలి లోతుకు దిగింది. మనుషులు సన్నబడ్డారు, కాళ్లు పొడవయ్యాయి, ఒకరి వెనుక ఒకరు తొంగిచూస్తున్నారు. చిన్న పలకలో చిన్న పలకలను చెక్కే ధైర్యం కూడా ఉంది. స్తూపం మీది శిల్పాలను అంత సూక్ష్మంగానూ పోల్చుకోవచ్చు.

ఆ ద్వారంలో బుద్ధుడు మనిషిగా నిలబడి ఉన్నాడు.

ఖాళీ తీరిపోయిందా? ఈ కాలానికి అమరావతిలో రూపమూ గుర్తూ పక్కపక్కనే నడిచాయి. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలోని నాళాగిరి అనే ఏనుగు కథ చెప్పే గుండ్రని శిల్పం చూడండి. మదమెక్కిన ఏనుగు వీధిలో మనుషుల మీద విరుచుకుపడుతోంది. అదే వలయంలో, కొంచెం పక్కన, అదే ఏనుగు మోకాళ్ల మీద ఒరిగింది. ఎదురుగా బుద్ధుడు. అక్కడ ఖాళీ పెట్టి ఉంటే కథ నిలబడేది కాదు, ఏనుగు ఎవరికి లొంగిందో తెలియాలి. ద్వారంలో బుద్ధుడైనా పలకలో ఎంత చిన్నవాడో చూడండి. కన్ను నిలిచేది స్తూపం మీదే, అంటే పవిత్ర అవశేషాలైన ధాతువులను దాచుకున్న గుట్ట మీద.

పాత ముఖం ఇంత తాజాగా మిగలడానికి కారణం బహుశా ఆ తిప్పడమే. కొత్త బొమ్మ బయటికి వస్తే పాతది ఇటుకల వైపు మళ్లి ఎండా వానా తప్పించుకుని ఉంటుంది. 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఊరు కట్టించేటప్పుడు ఈ స్తూపపు దిబ్బను తవ్వారు. సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు. మిగిలిన పలకల్లో కొన్ని సున్నం బట్టీకి పోయాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించినవాటిలో చాలా భాగం మద్రాసు మీదుగా లండన్ చేరాయి. ఇవి పాలరాళ్లని పొరపాటు పడటంతో ఆ పేరే స్థిరపడింది. లండన్ వెళ్లే వీలున్నవాళ్లు ఆ పలక ఎదుట నిలబడి ముందు స్తూపం వైపు చూసి, తర్వాత చెట్టు వైపు వెళితే బాగుంటుంది. నిండుదనం చూశాక ఆ మొదటి శిల్పి ఎంత వదులుకున్నాడో, ఎంత లెక్కగా వదులుకున్నాడో తెలుస్తుంది.