రేకు తెలిసిన చెయ్యి

పాత జీపుకు కొత్త ఒళ్లు తొడగడం టింకరింగ్ మేస్త్రి పనితనం. మహీంద్రా 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. ఆ బండి ఒంటికి ఇంచుమించు అన్నీ బల్లపరుపు రేకులే. అందుకే చిన్న షెడ్డులోనూ దాన్ని మళ్లీ నిలబెట్టగలుగుతున్నారు.

మంచి మేస్త్రి రంగు చూసి మోసపోడు. అయస్కాంతం ఆనిస్తాడు, పట్టు సడలిందంటే అక్కడ లప్పం దట్టించినట్టే. కొత్త రేకు అంచు తడిమి గేజి చెబుతాడు. 18 గేజి అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు. అంతకన్నా పల్చనిది చవకే గానీ, రాయి తగిలితే సొట్టే. రేకుకు బదులు ఫైబర్ అయితే తేలిక, తుప్పు పట్టదు. కానీ పగిలితే సుత్తితో సరిచేయలేం. పూర్తి వెల్డింగుకు ముందే బానెట్, మడ్‌గార్డులు పెట్టి సందులు సరిచూస్తాడు.

మనుషుల చుట్టూ గొట్టాలతో కట్టే రోల్ కేజ్ దగ్గర ఇంకా పట్టుదల. మెరుగుపెట్టిన స్టీలు పైపు సోకు కోసం. బండి బోల్తా పడితే మనిషిని కాచేది అతుకులేని ఉక్కు గొట్టం. పోటీ బళ్లలో ప్రధాన కమానుకు 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మందం, లేదంటే 50కి 2 ఉండాలని అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ నిబంధన. వంపులో ముడతపడ్డ గొట్టాన్ని మేస్త్రి పక్కన పడేస్తాడు. కేజ్ కాళ్లను వట్టి నేలరేకుకు అతికించి వదిలేయడు. దళసరి పలకలు వేసి చాసీ దాకా బలం అందేలా బిగిస్తాడు.

రోడ్డు మీద తిరిగే బండికి మార్పులంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూసుకోమని ముందే హెచ్చరించే మేస్త్రి దొరికితే, కూలి దగ్గర బేరమాడకండి.