సూపరు ఎప్పుడు ఎక్కించాలి?

బీము ఖాళీ అయ్యాక కొత్త పడుగు కోసం పరుగెత్తేవాణ్ని సోలాపూర్ నేతపేటల్లో నేతగాడని ఎవరూ అనరు. అశోక్ చౌక్ దగ్గర పవర్‌లూమ్ జాబరుగా ఏళ్లు గడిపి, ఇప్పుడు ఒక దానిమ్మ తోట గట్టున తేనెపెట్టెలు పెట్టిన మా బావ ఈగల దగ్గరా అదే లెక్క పాటిస్తాడు.

పెట్టెలో కింది అర రాణిది, పిల్లలది. పైన రాణి దూరలేని జాలి, దాని మీద తేనె కోసం సూపరు. కింది పది ఫ్రేముల్లో ఏడెనిమిది ఈగలతో నిండి, అంచుల్లో తెల్లటి కొత్త మైనం కనబడితే ఎక్కించాలి. ఆలస్యమైతే చోటు చాలక గుంపు చీలి సగం ఈగలు లేచిపోతాయి. తొందరపడినా ముప్పే: పిల్లల అరను దాదాపు 35 డిగ్రీల వెచ్చగా ఉంచాల్సిన ఈగలకు ఖాళీ మేడ బరువవుతుంది, కాపలా లేని పట్టుల్లో మైనపు పురుగు చేరుతుంది.

అమర్చడంలోనూ మెలకువ ఉంది. కట్టిన పట్టులైతే పది పట్టే చోట తొమ్మిదే పెట్టొచ్చు. పట్టు లావెక్కి మూతలు కోయడం సులువవుతుంది. కొత్త మైనపు రేకులైతే మాత్రం పదీ పెట్టాల్సిందే, లేకుంటే సందుల్లో అడ్డదిడ్డంగా కట్టేస్తాయి. ఈ ఫ్రేముల పెట్టెకు రూపమిచ్చిన లాంగ్‌స్ట్రాత్ 1851లో పట్టుకున్న కిటుకంతా ఈగలు కట్టకుండా వదిలే సందు కొలతే, అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు.

రెండో సూపరు మొదటిదాని పైనా, కిందా? పెంపకందారులు దీని మీద తెగ వాదించుకుంటారు. నాకైతే మన వానచాటు నేలలో ఆ వాదనే దండగ. దానిమ్మ పూత పుప్పొడి ఇస్తుంది గానీ తేనెకు పెద్దగా పనికిరాదు. రబీలో కుసుమ, పొద్దుతిరుగుడు పూసే కొద్ది వారాలే సీజను. విదేశీ ఫొటోల్లోని నాలుగంతస్తులు చూసి నేనూ ఆశపడితే బావ నవ్వాడు: "ఎత్తు జూసి ఏం లాభం బామ్మర్దీ, ఎన్కనుంచి జర లేపి బరువు జూడు."

మూడింట రెండొంతుల గదులకు మూతపడ్డాకే తేనె తీస్తాడు. పచ్చి తేనె పులుస్తుంది. పూత అయిపోగానే సూపరు దించేస్తాడు. చాలామంది బద్ధకించేది ఈ దించడం దగ్గరే. ఎండాకాలమంతా ఖాళీ అర నెత్తిన మోసిన పెట్టెల్లో పురుగు పట్టిన ఫ్రేములు వానల ముందు కుప్పలుగా బయటపడతాయి.