రైలు ప్రయాణికుల అంచనాలు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి

కావ్యమును విమర్శించుట మనకు పరిపాటి. శాసనమును, వ్యాకరణమును, నాటకమును విమర్శించుటయు గలదు. కాని ప్రజల బ్రదుకుతెరువును నిర్ణయించు వేరొక వాఙ్మయము నేటికాలమున బహుళముగా పుట్టుచున్నది. దానిని విమర్శదృష్టితో చదువువారు మనలో మిక్కిలి అరుదు. క్రొత్త రైలుమార్గము వేయుటకు ముందు సలహాసంస్థలు సిద్ధపరచు ప్రయాణికుల గిరాకీ నివేదికలు అట్టివి. ఎవరు, ఎక్కడినుండి ఎక్కడికి, ఎంత సొమ్ము వెచ్చించి ప్రయాణము చేయుదురో ఇరువది ముప్పది ఏండ్లకు ముందుగా చెప్పుట వీని పని. నేను ఇంజనీరును గాను, అర్థశాస్త్రవేత్తను గాను; హోసూరు ప్రాంతమున అల్పసంఖ్యాక భాషాపాఠశాలలో తెలుగు చెప్పు ఉపాధ్యాయుడను. అయినను వాక్యమునకు అర్థమెట్లు కలుగునో విచారించుట నా వృత్తి గనుక, ఈ నివేదికల వాక్యములను ఆ దృష్టితోనే పరిశీలింపదలచితిని.

మొదట మన సీమ చరిత్రము. 1905లో తిరుప్పత్తూరు నుండి కృష్ణగిరికిని, 1906లో మొరప్పూరు నుండి ధర్మపురికిని రెండున్నర అడుగుల వెడల్పుగల చిన్న రైలుమార్గములు తెరువబడినవి. రెండవది 1913లో హోసూరు వరకు పొడిగింపబడినది. కరవుకాలమున ధాన్యమును చేరవేయుట ఈ మార్గముల ముఖ్యోద్దేశము. రెండవ ప్రపంచయుద్ధము ముగియకముందే ఇవి రెండును మూతపడినవి. 1960వ దశకమున సేలము-బెంగుళూరు మీటరుగేజి మార్గము ధర్మపురి, పాలకోడు, రాయకోట, కెలమంగలముల మీదుగా హోసూరునకు వచ్చినది; 1990వ దశకమున అది బ్రాడుగేజి అయినది. ఈ విధముగా హోసూరునకు రైలు మరల వచ్చినది గాని, కృష్ణగిరి పట్టణమునకు రాలేదు. 2004 ఫిబ్రవరి 9వ తేదీన కృష్ణగిరి ప్రత్యేక జిల్లాకు కేంద్రమైనది. 2011 జనాభా లెక్కల నాటికి ఆ జిల్లాలో 18,79,809 మంది యుండిరి. అట్టి జిల్లా ముఖ్యపట్టణమున రైలుస్టేషను లేదు. జోలార్పేట నుండి కృష్ణగిరి మీదుగా హోసూరునకు మార్గము వేయవలెనను కోరిక దశాబ్దములుగా నున్నది; సర్వేలును జరిగినవి; పట్టాలు మాత్రము పడలేదు.

ఈ చరిత్రము నుండి మొదటి పాఠము గ్రహింపవచ్చును. కరవునుండి ప్రజలను కాపాడుటకు వేసిన మార్గమును టిక్కెట్ల రాబడితో తూచినచో అది తేలికగనే తూగును. ప్రయోజన మొకటి, తూనికరాయి మరియొకటి. ఏ నివేదికను చదివినను మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే: ఈ మార్గ మెందులకు? దేనితో తూచుచున్నారు?

ఇక నివేదికల పద్ధతి. సాధారణముగా అది నాలుగు మెట్లుగా సాగును. ఏ యూరినుండి ఎన్ని ప్రయాణములు పుట్టునో లెక్కించుట మొదటిది. అవి ఏయే యూళ్లకు పోవునో పంచుట రెండవది. బస్సు, కారు, ద్విచక్రవాహనము, రైలు అను సాధనముల నడుమ వానిని విభజించుట మూడవది. ఏ మార్గమున పోవునో నిర్ణయించుట నాలుగవది. ఇందు ప్రతిమెట్టును క్రిందిమెట్టు మీదనే నిలుచును. మొదటిమెట్టున దొర్లిన తప్పు నాలుగవమెట్టునకు వచ్చుసరికి గణితవేషము ధరించి గౌరవము సంపాదించును.

వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును ఆవశ్యకములని మన శాస్త్రకారులు నిర్ణయించిరి. ఒక పదము మరియొక పదమును కోరుట ఆకాంక్ష. ఆ పదముల అర్థములు ఒండొంటితో పొసగుట యోగ్యత. వ్యవధానము లేక అవి దగ్గరగా ఉచ్చరింపబడుట సన్నిధి. నా కంటికి రైలుప్రయాణపు టంచనాకును ఈ మూడే పరీక్షలుగా తోచినవి.

ఆకాంక్షను గూర్చి మొదట విచారింతము. అర్థశాస్త్రమున గిరాకి యనగా కోరిక మాత్రము గాదు. వెలయిచ్చి కొనగల కోరిక. ఇంతవరకు ఆక్షేపణ లేదు. కాని ఆ కోరికను ఎట్లు కొలుచుచున్నారు? జనులు నేడు చేయుచున్న ప్రయాణములను చూచి కొలుచుట ఒక పద్ధతి. 'ఇట్టి రైలు వచ్చినచో ఎక్కుదురా?' అని అడిగి కొలుచుట రెండవ పద్ధతి. నది దాటువారు లేరు గనుక వంతెన యక్కరలేదను దోషము మొదటిదానియందు కలదు. అడిగినవారిని సంతోషపెట్టుటకై అందరును ఔననుట రెండవదాని దోషము. కొన్ని సంవత్సరముల క్రిందట మా ప్రాంతపు బస్సునిలయమున ఒక యువకుడు ప్రశ్నావళి చేతబట్టి ప్రయాణికుల నడుగుచుండగా చూచితిని. ప్రశ్నలు ఆంగ్లమున అచ్చయియున్నవి. అతడు తమిళమున అడుగుచుండెను. గంపతో కూర్చున్న ఒక తెలుగు అవ్వ, 'రైలులో పోతారా?' అన్న ప్రశ్నకు 'లేదు నాయనా' అనెను. అతడు 'లేదు' అని గుర్తు పెట్టుకొని వెడలిపోయెను. నేను దగ్గరకు పోయి, 'ఎందుకు పోవవ్వా?' అని యడిగితిని. 'మా ఊరి కాడ రైలేడుంది నాయనా? ఉంటే పోనా?' అని ఆమె బదులు చెప్పెను. అవ్వ అబద్ధమాడలేదు, యువకుడు తప్పు వ్రాయలేదు, అయినను కాగితముపై నిలిచినది సత్యము గాదు.

రెండవది యోగ్యత. 'నిప్పుతో తడుపుచున్నాడు' అన్న వాక్యమున వ్యాకరణదోషము లేదు; అర్థము పొసగదు. నివేదికలయందును ఇట్టి వాక్యము లుండును. సాధనవిభజన చేయునపుడు బస్సుచార్జీ యింత, రైలుచార్జీ యింత అని గైకొని, ఆ నిష్పత్తి ముప్పది ఏండ్లు మారదని భావింతురు. కాని తమిళనాడున 2021 మే నెలనుండి సాధారణ పట్టణబస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేదు. కర్ణాటకమున 2023 జూన్ 11వ తేదీనుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15వ తేదీనుండియు అట్టి పథకములు అమలులోనికి వచ్చినవి. మన సీమ ఈ మూడు రాష్ట్రముల కూడలి. ఒక్కొక్క ఉత్తరువుతో సాధనవిభజన యంతయు తారుమారగును. హైదరాబాదు మెట్రోను చూడుడు. 2017 నవంబరున అది ప్రారంభమగునాటికి దినమునకు పదిలక్షలకు మించిన ప్రయాణికులను గూర్చి చెప్పిరి. తరువాతి యేండ్లలో ఆ సంఖ్య 5 లక్షల పరిసరముననే నిలిచినది. 2023 డిసెంబరున తెలంగాణమున స్త్రీలకు ఉచిత బస్సుప్రయాణము మొదలైన పిమ్మట, తమ రాబడిపై దాని ప్రభావము పడినదని మెట్రో నిర్వాహకులే చెప్పిరి.

మూడవది సన్నిధి. ఇప్పుడొక పదమును, జాముసేపటికి మరియొక పదమును పలికినచో వాక్యము కాదు. ఇంటికిని స్టేషనుకును, రైలువేళకును పనివేళకును నడుమ అట్టి వ్యవధాన మున్నచో ప్రయాణము కాదు. కృష్ణగిరివాసి రైలెక్కవలెనన్న హోసూరుకో, ధర్మపురికో, జోలార్పేటకో, ఆంధ్రప్రదేశమునందలి కుప్పమునకో పోవలెను. అక్కడ అతడు కొన్న టిక్కెట్టు ఆ యూరి పద్దున చేరును. కృష్ణగిరి పద్దున శూన్యము మిగులును. ఆ శూన్యమే 'ఇచట గిరాకి లేదు' అనుటకు సాక్ష్యమగును. లేమియే లేమికి కారణముగా చూపబడుచున్నది. తర్కమున దీనిని ఆత్మాశ్రయదోష మందురు.

హోసూరు విషయమున సన్నిధికి రాష్ట్రపు టెల్లయే అడ్డము. హోసూరునుండి బెంగుళూరు సుమారు 40 కిలోమీటర్లు మాత్రమే. బెంగుళూరు మెట్రో పసుపుమార్గము 2025 ఆగస్టు 10వ తేదీన బొమ్మసంద్ర వరకు వచ్చి యాగినది. ఉపనగర రైలు ప్రణాళికలోని రాజానుకుంటె మార్గము హీలలిగెతో ముగియును. బొమ్మసంద్ర నుండి హోసూరునకు మెట్రో వేయుటను గూర్చి చెన్నై మెట్రో సంస్థ సలహాదారులచే పరిశీలన చేయించినది. బెంగుళూరు మార్గమునకు 750 వోల్టుల మూడవపట్టా విద్యుత్తు, హోసూరు మార్గమునకు 25,000 వోల్టుల పైతీగ విద్యుత్తు ప్రతిపాదింపబడుటచే ఆ రెండును కలియవని బెంగుళూరు సంస్థ అభిప్రాయపడినది. ప్రయాణికుల సంఖ్య ఎంత శ్రద్ధగా లెక్కించినను, రెండు సంస్థలు ఒకచోట కూర్చుండనిచో అది పదముల పట్టికయే గాని వాక్యము గానేరదు.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి, అంచనాలన్నియు మనవంటి చిన్న యూళ్లకు అన్యాయముగా గిరాకిని తగ్గించి చూపునని పాఠకులు తలంపవచ్చును. అట్లు తలంచుట పొరపాటు. లోకానుభవము దీనికి విరుద్ధముగా నున్నది. ఫ్లూబియా అను పండితుడును ఆయన సహచరులును 14 దేశములలోని 210 రవాణా నిర్మాణములను పరిశీలించి 2005లో ఫలితములు ప్రకటించిరి. అందు రైలుమార్గములలో పదింట తొమ్మిదింటికి ప్రయాణికుల సంఖ్యను అధికముగా చెప్పిరని తేలినది. సగటున వచ్చినవారికంటె రెట్టింపునకు మించి చెప్పిరి. కారణము ఊహింపవచ్చును. మార్గము కావలెనను వారే నివేదికకు సొమ్మిత్తురు. నివేదిక ఫలించినదో లేదో తేలునప్పటికి సలహాసంస్థ బిల్లు చెల్లి ఏండ్లు గడచియుండును. సంఘములమైన మనమును వినతిపత్రములలో 'లక్షలాది ప్రజలు' అని వ్రాయుటకు జంకము. అదియు యోగ్యత లేని వాక్యమే.

మంచి అంచనా అసాధ్యమని మాత్రము నే ననను. అమెరికాలో సాన్‌ఫ్రాన్సిస్కో సీమకు బార్ట్ అను క్రొత్త రైలు 1972లో ప్రారంభమైనది. అధికారుల అంచనా ప్రకారము పనికి పోవువారిలో 15 శాతము దాని నెక్కవలెను. డేనియల్ మెక్‌ఫాడెన్ అను ఆచార్యుడు, రైలు రాకమునుపే, ఒక్కొక్క గృహస్థుని పరిస్థితిని విచారించి 6.3 శాతమని చెప్పెను. వచ్చినది 6.2 శాతము. 2000లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఆయన గణితము గొప్పదే. కాని అంతకంటె గొప్పది, అధికారుల సంఖ్యకు లోబడక తన లెక్కను తాను చెప్పిన నిజాయితీ.

కాబట్టి మనము కోరదగినవి కొన్ని కలవు. ప్రశ్నావళి హోసూరు, కృష్ణగిరి సీమలలో తమిళముతోపాటు తెలుగు, కన్నడ, ఉర్దూ భాషలలోను ఉండవలెను. ఎక్కినవారినేగాక ఎక్కలేకపోయినవారిని గూడ అడుగవలెను. టిక్కెట్టు కొన్న స్టేషనును గాక, బయలుదేరిన ఊరును వ్రాసికొనవలెను. కర్మాగారముల షిఫ్టువేళలను, మామిడికాయల కాలమును, తిరుమల యాత్రాదినములను విడిచి ఒక మంగళవారమునాడు మాత్రము లెక్కించి సంవత్సరమును కట్టరాదు. తుదకు, మార్గము తెరచిన అయిదేండ్లకు అంచనాను, అనుభవమును ప్రక్కప్రక్కన అచ్చువేయవలెను. ఈ యొక్క నియమమున్నచో తక్కిన దోషములు చాలవరకు తమంత తామే తొలగును.

రైలు వచ్చినచో మన తెలుగు నిలుచునని చెప్పుటకు నాకు ధైర్యము చాలదు. పట్టాలు ఏ భాషకును పక్షము వహింపవు. కుప్పమునకు పిల్లను చేరువ చేయు మార్గమే, ఆ పిల్లను బెంగుళూరు ఆంగ్లపాఠశాలకును చేరువ చేయును. నేను కోరునది అంతకంటె చిన్నది. లెక్కించునపుడు మనవారు లెక్కలోనికి రావలెను. ఇకమీదట ప్రశ్నావళితో ఎవరైన వచ్చినపుడు, మన సంఘసభ్యులు ప్రక్కన నిలిచి, అవ్వ చెప్పిన 'లేదు' తరువాతి మాటను గూడ వ్రాయించవలెనని నా ప్రార్థన. ఎక్కని రైలును ఎక్కెదమని చెప్పించుట మాత్రము వలదు. అవ్వ మాటలో సగము వ్రాసిన కాగితమెట్లు సత్యము గాదో, ఆమె చెప్పని మాట చేర్చిన కాగితమును అట్లే సత్యము గాదు.