కొత్తిమీర అరుచికి ఒక్క జన్యువే కారణమా?

కొత్తిమీర పడని చారు చారే కాదనువారు తెలుగునాట కోకొల్లలు. కాని ఆ ఆకు నోట పడగానే సబ్బు నమిలినట్లున్నదని మొగము చిట్లించువారును ఉన్నారు. ఇట్టివారిది పెంకెతనమని పెద్దలు గద్దించుట పాత అలవాటు. ఇటీవలి విజ్ఞాన వ్యాసములలో మరియొక తీర్పు వ్యాపించినది: వారిలో ‘కొత్తిమీర జన్యువు’ ఉన్నది, అంతే కారణమని. మొదటి మాట అన్యాయము. రెండవది సగము సత్యము. సగము సత్యము పాఠమైనచో విద్యార్థికి అనువంశికతను గూర్చియే తప్పు భావన ఏర్పడును.

ముందు సత్యమైన భాగమును చూడవలెను. పచ్చి కొత్తిమీర వాసనకు ముఖ్యకారణము ఆల్డిహైడులను కర్బన పదార్థములు. డెకనాల్ వీనిలో ఒకటి. ఇట్టి పదార్థములు కొన్ని సబ్బుల వాసనలోను, కొన్ని పురుగులు విడుచు కంపులోను ఉన్నవి. కనుక సబ్బు వాసన వచ్చుచున్నదనువాడు లేనిది కల్పించుటలేదు. 2012లో అమెరికాలోని 23అండ్‌మీ సంస్థ పరిశోధకులు ఐరోపా సంతతివారిని వేలమందిని ప్రశ్నించి, ఆ జవాబులను వారి జన్యువులతో పోల్చిరి. 11వ క్రోమోజోముపై వాసన గ్రాహకముల జన్యువులు గుంపుగానున్న చోట ఒక భేదమునకు, సబ్బు వాసన తోచుటకు సంబంధము కనిపించినది. ఆ గుంపులోని ఓఆర్6ఏ2 అను జన్యువు వలన ఏర్పడు గ్రాహకము ఆల్డిహైడులను పట్టగలదు.

వ్యాసకర్తలు సాధారణముగా ఇచ్చటనే ఆగిపోవుదురు. కాని ఆ పరిశోధనలోనే ఇంకొక అంచనా ఉన్నది. ఈ విషయమున మనుష్యులలో కానవచ్చు భేదములో సామాన్య జన్యుభేదములకు చెందు పాలు నూటికి 9 కంటె తక్కువ. దీనిని పి.టి.సి. చేదుతో పోల్చిన తేడా తెలియును. ఆ పదార్థము కొందరికి చేదుగాను, కొందరికి రుచిలేనిదిగాను ఉండునని 1931లో ఆర్థర్ ఫాక్స్ గుర్తించెను. 2003లో కనుగొన్న ఒక జన్యువు ఆ భేదములో సగమునకు పైగా వివరించినది. అచ్చట ఒక్క జన్యువును ముందు నిలుపుట న్యాయమే. కొత్తిమీరకు అదే కొలత చెల్లదు.

అట్లని అంతయు అలవాటేయనుటయు తొందరపాటగును. టొరాంటో విశ్వవిద్యాలయమువారు కెనడాలోని యువజనులను విచారించి 2012లో ప్రకటించిన లెక్కలలో, కొత్తిమీర గిట్టనివారు తూర్పు ఆసియా సంతతిలో నూటికి 21, ఐరోపా సంతతిలో 17, దక్షిణాసియా సంతతిలో 7, మధ్యప్రాచ్య సంతతిలో 3. నిత్యము తినువారిలో అయిష్టము తక్కువయని దీనినిబట్టి తోచును. కాని చైనా వంటలో కొత్తిమీర వాడుక ఉన్నను తూర్పు ఆసియా సంఖ్యయే అన్నింటికంటె హెచ్చు. జన్యువు, అలవాటు రెండును కలిసి పనిచేయుచుండవచ్చును. ఏది ఎంతయో ఈ లెక్కలు తేల్చలేవు.

వంటవిధానమును కూడ ఈ వ్యాసములు విస్మరించుచున్నవి. ఆకును రోట నూరినప్పుడు కణములు చిట్లి, అందలి ఎంజైములు ఆల్డిహైడులను క్రమముగా మార్చివేయును. మరిగించినచో వాసన చాలవరకు ఆవిరితో పోవును. అదే మొక్క పండి ఎండిన కాయలైన ధనియాలలో ప్రధానమైనది లినలూల్ అను వేరొక పదార్థము. కాబట్టి పచ్చి ఆకును ఏరివేయు బాలుడు కొత్తిమీర పచ్చడిని, ధనియాల పొడిని ఇష్టముగా తినవచ్చును. జన్యువు మారలేదు, నోటికందిన పదార్థము మారినది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. తరిగిన ఆకు, నూరి కొంతసేపు ఉంచిన ముద్ద, మరిగించిన ఆకు, ధనియాలు వేరువేరు గిన్నెలలో ఉంచి, తమకు తోచినది ఇతరులతో చెప్పక వ్రాయుమని విద్యార్థులను కోరవలెను. పచ్చి ఆకును ముక్కు మూసికొని ఒకసారి, తెరచి ఒకసారి నమిలినచో, ‘రుచి’ యనుకొన్నదానిలో వాసన పాలు ఎంతయో తెలియును. ఇష్టములేనివారిని తినుమని బలవంతపెట్టరాదు.

మధ్యాహ్న భోజనమున ఆకు ఏరివేయు పిల్లవాని చేష్టకు కారణముండును. అది పెంకెతనమని శిక్షించుటయు, జన్యువని ముద్ర వేయుటయు విచారణను ఆపివేయునవే. అతనికి ఏ రూపమున ఆ ఆకు సరిపడునో అడిగి తెలిసికొనుట శాస్త్రీయము.