‘ఎలోహీం’ అన్న ఒక్క మాట

తెలుగు బైబిలులో ఎనిమిదవ కీర్తన ఐదవ వచనాన్నీ, హెబ్రీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయం ఏడవ వచనాన్నీ పక్కపక్కన పెట్టి చదివే పాఠకునికి ఒక చిక్కు ఎదురవుతుంది. రెండవది మొదటిదాని ఉల్లేఖనమే. అయినా కీర్తనలో మానవుడు ‘దేవుని’కంటె కొంచెం తక్కువవాడు, పత్రికలో ‘దేవదూతల’కంటె. వాదప్రతివాదాల వేదికలపై ఇటువంటి తేడా దొరికిందే తడవుగా, “ఇదిగో తహ్రీఫ్” అన్న కేక వినిపిస్తుంది. ఈ చోట ఆ కేక చెల్లదు.

హెబ్రూ మూలంలో ఉన్న మాట ‘ఎలోహీం’. అరబీ ‘ఇలాహ్’కు దగ్గరి చుట్టం. రూపంలో బహువచనమైనా అత్యధిక స్థలాలలో ఏకైక దైవానికే వర్తిస్తుంది. కొన్ని స్థలాలలో మాత్రం పరలోక వాసులందరికీ వర్తిస్తుంది. కీర్తనలను గ్రీకులోకి అనువదించినవారు క్రైస్తవులు కారు, వారికి ముందు తరాల యూదులు. ఎనిమిదవ కీర్తనలో వారు ‘దూతలు’ అని వ్రాశారు. పత్రికా రచయిత ఆ గ్రీకు పాఠాన్నే చదివి, దానినే ఉదహరించాడు. తొంభై ఏడవ కీర్తన ఏడవ వచనంలోనూ గ్రీకు అనువాదకులు ఇదే పని చేశారు; తెలుగువారు అక్కడ ‘దేవతలు’ అన్నారు. ఒకే హెబ్రూ మాట తెలుగులో దేవుడు, దేవతలు, దేవదూతలు అని మూడు వేషాలు వేసిందన్నమాట!

పత్రిక మొదటి అధ్యాయం ఆరవ వచనంలో దూతలందరూ కుమారునికి నమస్కరించాలన్న ఉల్లేఖనం ఉంది. ద్వితీయోపదేశకాండం 32:43 గ్రీకు పాఠంలో దీనికి దగ్గరి వాక్యం ఉన్నది గాని, సంప్రదాయ హెబ్రూ పాఠంలో లేదు. కనుక గ్రీకువారే చేర్చారని అనుకోవడానికి అవకాశముండేది. కుమ్రాన్ నాలుగవ గుహలో దొరికి, 1954లో పాట్రిక్ స్కెహన్ ప్రకటించిన శకలంలో ‘ఎలోహీంలందరూ’ నమస్కరించాలన్న హెబ్రూ వాక్యమే కనిపించింది. అనువాదకుల కల్పన అన్న అనుమానానికి అంతటితో బలం పోయింది.

అసలు ఈ రచయిత దూతల ప్రస్తావనతోనే ఎందుకు మొదలుపెట్టాడు? పాఠకులలో దూతల ఆరాధన ప్రబలి ఉండాలని కొందరు వ్యాఖ్యాతలు ఊహించారు. అంత దూరం పోనక్కరలేదు. ధర్మశాస్త్రం దూతల ద్వారా అందిందన్నది ఆనాటి యూదుల నమ్మకాలలో ఒకటి. రెండవ అధ్యాయం రెండవ వచనం దానిమీదనే నిలిచి ఉంది. తెచ్చినవారి స్థాయిని బట్టి సందేశం బరువు పెరుగుతుందన్నది అతని తర్కం. (హెబ్రూ ‘మల్ఆఖ్’, అరబీ ‘మలక్’, గ్రీకు ‘అంగెలోస్’ అన్నింటికీ వార్తాహరుడన్నదే మూలార్థం.)

ఇక మెల్కీసెదెకు సంగతి. కుమ్రాన్ పదకొండవ గుహలో 1956లో దొరికిన ఒక చుట్టను 1965లో వాన్ డెర్ వూడే ప్రకటించాడు. అందులో మెల్కీసెదెకు బెలియాలుపై తీర్పు నెరవేర్చే పరలోక పురుషుడు. ఎనభై రెండవ కీర్తనలోని ‘ఎలోహీం’ ఆయనకే అన్వయింపబడింది. పత్రిక ఏడవ అధ్యాయంలో తల్లి, తండ్రి, వంశావళి లేని మెల్కీసెదెకును చూచి ఆశ్చర్యపోయిన పాఠకునికి ఇది గొప్ప వెలుగు. అటువంటి ఊహ యూదులలో ముందే ఉంది. అయితే వెలుగును చూచి మూలమని భ్రమించరాదు. ఈ చుట్ట ప్రకటన కాకముందే, 1958లో యీగేల్ యాదిన్ ఈ పత్రిక కుమ్రాన్ శాఖనుండి వచ్చినవారికి వ్రాయబడిందని వాదించాడు. ఆ వాదం నిలవడం కష్టం. రచయిత ఆధారాలు ఆదికాండం పద్నాలుగవ అధ్యాయం, నూట పదవ కీర్తన. అతని లేఖనం గ్రీకు లేఖనం. మెల్కీసెదెకును అతడు దూత అని ఒక్కసారి కూడా అనలేదు.

ఇక్కడ రెండు పక్షాలకూ పని ఉంది. ‘ఎలోహీం’ అన్న పిలుపునే దైవత్వానికి సాక్ష్యంగా చూపేవారు కుమ్రాన్ చుట్టను చదవాలి. ఏకదైవారాధకులైన యూదులే ఆ మాటను మెల్కీసెదెకుకు వాడారు. ఆయనను పూజించాలని మిగిలిన శకలాలలో ఎక్కడా లేదు. మరోవైపు, పత్రికలోని కుమారుడు కూడా అటువంటి దూతే కదా అని తేల్చివేసేవారు ఆరవ వచనం దగ్గర ఆగాలి. అక్కడ దూతలు నమస్కరించేవారి వరుసలో ఉన్నారు, కుమారుడు ఆ వరుసలో లేడు. ఆ అడుగు రచయిత వేసినది. ముస్లింలకూ క్రైస్తవులకూ నడుమ భేదం నిజంగా మొదలయ్యేది ఆ అడుగు దగ్గరే.