ఎవరబ్బాయివి నాయనా?

మా వైపు పల్లెటూళ్లలో కొత్త కుర్రాడెవడైనా బస్సు దిగితే, అరుగు మీద కూర్చున్న పెద్దాయన వాడి పేరు అడగడు, వచ్చిన పని అడగడు. కళ్లజోడు సవరించుకుని, "ఎవరబ్బాయివి నాయనా?" అంటాడు. తండ్రి పేరు చెబితే చాలు, "ఓహో, ఫలానా వారి మనవడివా!" అంటూ మిగతా వంశమంతా ఆయనే ఏకరువు పెట్టేస్తాడు. ఈ జబ్బు మనకొక్కళ్లకే ఉందని నేను చాలాకాలం అనుకున్నాను. కాదండీ, అమెరికా వాళ్లకీ ఉంది. 1980 మే నుంచి 1983 మే దాకా, అక్షరాలా మూడేళ్లపాటు, అక్కడి సినిమా అభిమానులు ఒక కుర్రాడి గురించి ఇదే ప్రశ్న వేసుకుంటూ కూర్చున్నారు.

ఆ కుర్రాడు లూక్ స్కైవాకర్. జార్జి లూకాస్ 1977లో తీసిన 'స్టార్ వార్స్'కి కథానాయకుడు. చూడనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, మన జానపద చిత్రాన్ని అంతరిక్షంలోకి ఎక్కించారనుకోండి. రాకుమారి ఉంది, ముసలి గురువుగారున్నారు, మంత్రశక్తి లాంటిదేదో ఉంది, కత్తియుద్ధాలున్నాయి. కాకపోతే ఆ కత్తులు వెలుగువి. గుర్రాల బదులు రాకెట్లు. నల్ల ముసుగు తొడుక్కున్న డార్త్ వేడర్ అనే దుర్మార్గుడు సరేసరి. నీ తండ్రిని చంపినవాడు వాడేనని గురువుగారు లూక్‌కి చెబుతారు.

1980లో రెండో భాగం 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' వచ్చింది. చివర్లో వేడర్ లూక్ చెయ్యి నరికేసి, నీ తండ్రిని నేను చంపడమేమిటి, నీ తండ్రిని నేనే అంటాడు. కథ ఆ తర్వాత ఎంతో దూరం పోలేదు. మన వారపత్రికల్లో 'సశేషం' అని పడ్డట్టే. అయితే మనం వారం ఆగితే సరిపోయేది. పాపం, వాళ్లు మూడేళ్లు ఆగాలి!

ఇక ఊహాగానాలకి అంతేముంది? గురువుగారు అబద్ధమాడారనేది ఒక పక్షం. దుర్మార్గుడి మాటకి విలువేమిటి, వాడే అబద్ధమాడాడనేది ఇంకో పక్షం. ఈ రెండో పక్షంలో ఎవరున్నారో తెలిస్తే నవ్వొస్తుంది. సెట్‌లో ముసుగు తొడుక్కుని నటించిన డేవిడ్ ప్రౌజ్ చేత అసలు డైలాగు చెప్పించనేలేదు. గురువే నీ తండ్రిని చంపాడని చెప్పించారు. దర్శకుడు ఇర్విన్ కర్ష్‌నర్ అసలు సంగతి లూక్ వేషధారి మార్క్ హామిల్ చెవిలో మాత్రం, అదీ చిత్రీకరణకి కాస్త ముందు వేశాడు. తరవాత వేడర్‌కి గొంతు ఇచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్ ఆ డైలాగు చదివి, 'వీడు అబద్ధమాడుతున్నాడు' అనుకున్నాడట. చెప్పినవాడే నమ్మకపోతే విన్నవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

1983లో మూడో భాగం వచ్చింది. మొదట దానికి 'రివెంజ్ ఆఫ్ ది జెడై' అని పేరు పెట్టి పోస్టర్లు కూడా అచ్చేశారు. జెడై వీరుడికి పగ తీర్చుకోవడం తగదనిపించి 'రిటర్న్' అని దిద్దారు. కథకి తాళంచెవి ఆ దిద్దుబాటులోనే ఉందని నా ఉద్దేశం. మూడేళ్ల ప్రశ్నకి జవాబు సినిమా సగం కాకముందే ఇచ్చేస్తారు. అవును, తండ్రే. మరి మిగతా సినిమా ఎందుకు? ఎందుకంటే కథకుడు అక్కడ ప్రశ్న మార్చేశాడు. 'ఎవరబ్బాయివి?' అన్నది అయిపోయింది. 'సరే, అలాంటి తండ్రి కొడుకువి. ఇప్పుడేం చేస్తావు?' అన్నది మొదలైంది.

చివరి యుద్ధంలో లూక్ తండ్రి చేతిని నరికేస్తాడు. తెగినది యంత్రపు చెయ్యి. తన చేతికేసి చూసుకుంటాడు, అదీ యంత్రమే. ఇంకొక్క వేటు వేస్తే తనూ అతగాడే అవుతాడు. కత్తి అవతల పారేసి, ఒకప్పుడు మా నాన్న ఎలా జెడైయో నేనూ అలాగే జెడైని అంటాడు. తండ్రి మరిచిపోయిన తండ్రిని కొడుకు గుర్తుచేశాడన్నమాట. ఎంత ఊహించినవాళ్లకైనా ఈ దృశ్యంలో ఊహించనిది మిగిలే ఉంది. అందుకే జవాబు తెలిశాక కూడా మళ్లీ చూడబుద్ధేస్తుంది.

అయితే ఆ సినిమాలోనే ఇంకో జవాబు నాకు రుచించలేదు. లూక్ కాకపోతే మరొకరు ఉన్నారని రెండో భాగంలో ఒక సూచన వదిలారు. ఆ మరొకరు ఎవరయ్యా అంటే రాకుమారి లియా, పైగా లూక్‌కి కవల చెల్లెలు! రెండో భాగంలో ఆవిడ లూక్‌ని ముద్దుపెట్టుకున్న సంగతి అప్పటికి ఎవరికీ గుర్తులేదు కాబోలు. అంత పెద్ద బ్రహ్మాండంలో ఆ ఒక్క ఇంట్లో తప్ప ఇంకెక్కడా మనిషి దొరకలేదా?

ఈ ఇంటిగోల అక్కడితో ఆగలేదు. 2015లో 'ది ఫోర్స్ అవేకెన్స్' వచ్చింది. ఎడారిలో పాత ఇనుము ఏరుకుని బతికే రే అనే అనాథపిల్ల అందులో నాయిక. వెంటనే అభిమానులు అరుగెక్కి కూర్చున్నారు. లూక్ కూతురని కొందరు, గురువుగారి మనవరాలని కొందరు. 2017లో రయన్ జాన్సన్ తీసిన తరువాయి భాగం వాళ్లకి చెప్పిన జవాబు ఏమిటంటే, ఎవరి పిల్లా కాదు. ఎవరికీ తెలియని అమ్మానాన్నలు, తాగుడు డబ్బుల కోసం పిల్లని అమ్మేసుకున్నారు. చాలామందికి కోపమొచ్చింది. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి.

ఎందుకో చెబుతాను. చిన్నప్పుడు నా పక్క బల్ల మీద ఒక కుర్రాడు కూర్చునేవాడు. లెక్కల్లో వాడే ఫస్టు. కానీ ఎవరైనా 'ఎవరబ్బాయివి?' అంటే చాలు, తల దించుకునేవాడు. వాడి దగ్గర జవాబు లేదు. అస్త్రవిద్యా ప్రదర్శనలో కృపాచార్యుడు కులమేమిటని అడిగినప్పుడు కర్ణుడూ అలాగే తల దించుకున్నాడు. అలాంటివాళ్లతో, నీకు ఆ జవాబు అక్కర్లేదు, కత్తి తీసుకో అని ఒక సినిమా చెప్పడం చిన్న విషయం కాదు.

చెప్పిన మాట మీద నిలబడితే బాగుండేది. 2019లో వచ్చిన 'ది రైజ్ ఆఫ్ స్కైవాకర్' ఆ మాట వెనక్కి తీసేసుకుంది. రే అనామకురాలు కాదట, పాత దుష్ట చక్రవర్తి పాల్పటీన్ మనవరాలట! చివర్లో దారినపోయే ముసలమ్మ పేరు అడుగుతుంది. రే అని చెబుతుంది. "ఏ రే?" అంటుందావిడ. అచ్చంగా మన అరుగు మీది పెద్దాయనే! అప్పుడా పిల్ల స్కైవాకర్ అని ఇంటిపేరు చెబుతుంది. పుట్టుకతో వచ్చినది కాదు, తను ఎంచుకున్నదే కదా అని సమర్థించేవాళ్లున్నారు. ఆ మాటా నిజమే. కానీ ఎంచుకున్నదైనా ఏదో ఒక ఇంటిపేరు లేకుండా ఆ పిల్లని పంపించడానికి వాళ్లకి ధైర్యం చాలలేదు.

మన కె.వి. రెడ్డిగారికి 1951లోనే ఆ ధైర్యం ఉంది. 'పాతాళభైరవి'లో తోటరాముడు మొదటి రీలులో తోటమాలి కొడుకు, ఆఖరి రీలులోనూ తోటమాలి కొడుకే. తప్పిపోయిన రాకుమారుడని పుట్టుమచ్చ చూపించి ఎవరూ ఏడవరు. అయినా రాకుమారిని పెళ్లాడాడు. మనమెవరం అభ్యంతరం చెప్పలేదు కదా!

అభిమానులు ఊహించడం తప్పని నేననను. కథ మీద ప్రేమ ఉన్నవాళ్లే ఊహిస్తారు. వాళ్లు అడగాల్సింది అడుగుతారు. కథకుడు మాత్రం అరుగు మీది పెద్దాయనకి భయపడకూడదు.

నా పక్క బల్ల కుర్రాడు తరవాత ఏమయ్యాడో నాకు తెలియదు. ఎక్కడున్నా, ఎవరైనా పేరు అడిగితే తలెత్తి తన పేరు ఒక్కటే చెబుతూ ఉంటాడని ఊహించుకుంటాను. ఇది నా ఊహాగానం.